తెర మీది అంకె, పటం మీది అంకె ఒక్కటైనప్పుడే ఋణం సఫలం



పొలానికి హద్దు రాళ్లుంటాయి. అవి కనబడకపోతే సర్వేయరు గొలుసుతో వచ్చి కొలిచి చూపుతాడు. సముద్రంలో పాతిన రాళ్లు లేవు. ఒడ్డు కనుమరుగైన తరువాత మరపడవ సరంగుకు దారి చూపేవి రెండే: తరతరాల అనుభవం ఒకటి, అంకెలు రెండవది. ఆ అంకెలు నౌకాపటం మీద ఉంటాయి, జి.పి.ఎస్., ఎకో సౌండర్ వంటి పరికరాల తెర మీద కూడా ఉంటాయి. ఈ రెండు చోట్ల ఉన్న అంకెలు ఒకే లెక్కలో ఉన్నాయా లేదా అన్న ప్రశ్నను మనలో ఎంతమంది వేసుకుంటున్నాము? పరికరానికి ఋణం ఇచ్చే బ్యాంకు అధికారి గాని, దానిని అమ్మే డీలరు గాని, కొనే పడవ యజమాని గాని ఈ ప్రశ్న వేయకపోవటం వలన కలిగే నష్టాన్ని మీ ముందుంచటమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇందులోని అభిప్రాయాలు నా స్వంతం. తప్పులో వాటా కూడా నాదే.

నేను పుట్టినది మెట్ట గ్రామంలో. బి.యస్సీ. చదివి బ్యాంకులో క్షేత్రాధికారిగా చేరిన తరువాత కూడా చాలాకాలం నాకు తెలిసిన ఋణాలు పంపుసెట్లు, పాడి గేదెలు, ట్రాక్టర్లు మాత్రమే. పంపుసెట్టు తనిఖీ సులభం. బిల్లు చూస్తాము, మోటారు నెంబరు సరిచూస్తాము, స్విచ్చి వేస్తే నీరు వస్తే చాలును. కోస్తాలోని ఒక రేవు శాఖకు బదిలీ అయినప్పుడు ఇదే పద్ధతిని వెంట తీసుకొని వెళ్లాను. ఒక సరంగు తన మరపడవకు జి.పి.ఎస్., ఎకో సౌండర్ కొనుక్కున్నాడు. బోటు ఎక్కి బిల్లు చూచాను, నెంబర్లు వ్రాసుకున్నాను, స్విచ్చి వేయించాను. తెర వెలిగినది. "పరికరములు సంతృప్తికరముగా పనిచేయుచున్నవి" అని రిజిస్టరులో వ్రాసి సంతకం పెట్టాను.

రెండు నెలలు గడవక ముందే ఆ సరంగు శాఖకు వచ్చాడు. నా బల్ల ముందు కూర్చొని, నూనె మరకలు పడిన నోటుబుక్కు తెరిచి, "బాబూ, మిషను బాగానే ఉంది. నేను వేసిన అంకే అందులో ఉంది. మరి వల ఎలా పోయింది?" అని అడిగాడు. నీటి అడుగున మునిగి ఉన్న ఒక పాత పడవ శిథిలానికి ట్రాల్ వల తగులుకొని చిరిగిపోయినది. ఆ శిథిలం ఎక్కడ ఉన్నదో అతనికి ముందే తెలుసును. మరొక బోటు సరంగు తన తెర మీద చూచి వ్రాసి ఇచ్చిన స్థానం అది. దానిని తన పరికరంలో వేసుకొని, దానికి తగినంత దూరంగానే లాగుతున్నాననుకొని, నేరుగా దాని మీదికే లాగాడు. మూడు కిస్తీలు కట్టవలసిన డబ్బు ఆ వలతో పాటు సముద్రంలో కలిసిపోయినది.

అరకిలోమీటరు ఎక్కడ పోయినది?

ఆ సాయంత్రం ఇద్దరమూ నోటుబుక్కు, పరికరం పక్కపక్కన పెట్టుకొని చూచాము. అతని అసలు అంకెలకు బదులు ఒక ఉదాహరణ చెబుతాను. నోటుబుక్కులో అక్షాంశం 16 డిగ్రీల 52 నిమిషాల 45 సెకన్లు అని ఉన్నదనుకోండి. పరికరంలో 16 డిగ్రీల 52.45 నిమిషాలు అని ఉన్నది. చూడటానికి అవే అంకెలు, అదే వరుస. కాని మొదటిదానిలో 45 అనేది సెకన్లు. రెండవదానిలో 45 అనేది నిమిషంలో నూరవ వంతులు. నిమిషానికి 60 సెకన్లు కావున 45 సెకన్లు అంటే 0.75 నిమిషం. పరికరంలో వేయవలసినది 52.75. వేసినది 52.45. తేడా 0.30 నిమిషం.

అక్షాంశంలో ఒక నిమిషం అంటే ఒక నాటికల్ మైలు, అనగా 1852 మీటర్లు. అందులో 0.30 వంతు సుమారు 556 మీటర్లు. అరకిలోమీటరుకు పైగా అన్నమాట. సరంగు తప్పు చేయలేదు, పరికరం అబద్ధమాడలేదు. చేతి గడియారం పన్నెండు గంటల లెక్కలో, రైలు టైంటేబులు ఇరవై నాలుగు గంటల లెక్కలో ఉంటే రెండూ సరియైనవే. ఆ సంగతి తెలియని ప్రయాణికునికి మాత్రం బండి తప్పిపోతుంది. ఆ పరికరాన్ని ఏ లెక్కలో పెట్టి ఇచ్చారో డీలరు మనిషి చెప్పలేదు. అడగవలసిన నేను అడగలేదు.

పటం చెప్పేదేమిటి, పరికరం చెప్పేదేమిటి

ఇక్కడ ఒక మౌలిక విషయం గ్రహించవలసి ఉన్నది. జి.పి.ఎస్. పరికరానికి తెలిసినది ఒక్కటే: మీ బోటు ఎక్కడ ఉన్నది అన్న సంగతి. రాయి ఎక్కడ ఉన్నదో, ఇసుక మేట ఎక్కడ ఉన్నదో, హద్దు గీత ఎక్కడ ఉన్నదో దానికి తెలియదు. అవి పటానికి తెలుసును. పటానికి మీ బోటు ఎక్కడ ఉన్నదో తెలియదు. ఈ రెండింటి సమాచారమూ ఒక లెక్కలో కలిసినప్పుడే సరంగుకు పూర్తి సంగతి తెలుస్తుంది.

వెనుకటి రోజులలో పరికరంలోనే దోషం ఎక్కువగా ఉండేది. అమెరికా ప్రభుత్వం పౌరులకు అందే జి.పి.ఎస్. సంకేతంలో కావాలనే కొంత తప్పు కలిపేది. దాని వలన వంద మీటర్ల వరకు తేడా వచ్చేది. 2000వ సంవత్సరం మే నెలలో ఆ పద్ధతిని ఆపివేశారు. నేడు సాధారణ పరికరం కూడా పది మీటర్లకు అటు ఇటుగా స్థానం చూపగలుగుతున్నది. అనగా ఇప్పుడు పరికరమే చాలా పటాల కన్నా నిశితమైనది. 1:3,00,000 స్కేలు గల తీరపటం మీద ఒక మిల్లీమీటరు అంటే 300 మీటర్లు. పెన్సిలు మొన లావుగా ఉంటే ఆ గీతే వంద మీటర్ల పైమాట. తెర మీద మూడు దశాంశ స్థానాలు కనబడుతున్నాయని పటం కూడా అంత నిశితంగా ఉన్నదనుకోవటం పొరపాటు.

మన దేశపు నౌకాపటాలను డెహ్రాడూన్‌లోని జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం ముద్రిస్తున్నది. 1874లో కలకత్తాలో ప్రారంభమైన సముద్ర సర్వే శాఖ దీనికి మూలం. పటంలో వచ్చిన మార్పులను ఆ కార్యాలయం పక్షానికొకసారి నావికుల ప్రకటనల రూపంలో వెలువరిస్తుంది. పటం కొన్న నాటితో పని పూర్తి కాదు. వాటిని చూచి దిద్దుకుంటూ ఉండవలెను. మొగల వద్ద ఇసుక ఎట్లా కదులుతుందో గోదావరి, కృష్ణా ముఖద్వారాల దగ్గరి మత్స్యకారులకు నేను చెప్పనవసరం లేదు. అట్టి చోట పటంలో సర్వే జరిగిన సంవత్సరం ఏదో మొదట చూడవలెను. పాతికేళ్ల నాటి లోతు అంకెను నేటి మొగకు అన్వయించరాదు.

సరిపోల్చవలసిన నాలుగు అంశాలు

పటానికీ పరికరానికీ పొత్తు కుదరటానికి నాలుగు విషయాలు సరిచూచుకోవలెను.

మొదటిది, అంకెల రూపం. ఒకే స్థానాన్ని మూడు విధాలుగా వ్రాయవచ్చును. 16 డిగ్రీల 52 నిమిషాల 45 సెకన్లు. 16 డిగ్రీల 52.75 నిమిషాలు, 16.87917 డిగ్రీలు. ఈ మూడూ ఒకే చోటు. మర పడవల పరికరాలలో సాధారణంగా రెండవ రూపం ఉంటుంది. సెల్‌ఫోనులలో తరచు మూడవ రూపం కనబడుతుంది. హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, అనగా ఇన్‌కాయిస్, చేపలు దొరకగల ప్రాంతాల గురించి ఇచ్చే సూచనల పట్టికలో డిగ్రీలు, నిమిషాలు, సెకన్ల రూపం ఉంటుంది. దానిని చూచి పరికరంలో వేసేవారు సెకన్లను 60తో భాగించి వేయవలెను. లేదా పరికరాన్నే సెకన్ల రూపంలోకి మార్చుకోవలెను. ఏదో ఒక్కటి ఎంచుకొని రేవులోని బోట్లన్నీ దానినే వాడితే మరీ మంచిది.

రెండవది, కొలతకు ఆధారం. ఒకే పొలాన్ని తాతగారు చెరువు గట్టు నుంచి కొలిచి, మనుమడు రోడ్డు మైలురాయి నుంచి కొలిస్తే రెండు లెక్కలూ సరియైనవే అయినా అంకెలు వేరుగా ఉంటాయి. భూగోళం మీద కొలతలకు కూడా ఇట్టి ఆధారాలు ఉన్నాయి. మన దేశపు పాత పటాలకు 1830 నాటి ఎవరెస్టు కొలతలు ఆధారం. ఉపగ్రహ పరికరాలకు డబ్ల్యు.జి.ఎస్.-84 అన్నది ఆధారం. ఈ రెండింటికీ నడుమ మన తీరంలో వందల మీటర్లలో తేడా రాగలదు. పటం ఏ ఆధారం మీద తయారైనదో దాని శీర్షిక కింద వ్రాసి ఉంటుంది. పాత పటమైతే, ఉపగ్రహం చూపిన స్థానాన్ని ఎంత జరిపి గుర్తించవలెనో కూడా అక్కడే వ్రాసి ఉండవచ్చును. నా సలహా ఏమనగా, పరికరాన్ని ఎప్పుడూ డబ్ల్యు.జి.ఎస్.-84లోనే ఉంచండి. పటం మీద గుర్తించేటప్పుడు మాత్రం ఆ సవరణ చేయండి. పరికరంలోని జాబితాలో ఎన్నో ఆధారాల పేర్లు ఉంటాయి. పిల్లలో, కలాసీలో మీటలు నొక్కుతూ పొరపాటున మార్చివేస్తే ఎవరికీ తెలియదు. కావున వేటకు బయలుదేరే ముందు ఒకసారి చూచుకోవటం అలవాటు చేసుకోవలెను.

మూడవది, దూరం కొలత. సముద్రంలో దూరాన్ని నాటికల్ మైళ్లలో కొలుస్తారు. ఇన్‌కాయిస్ పట్టికలో రేవు నుంచి దూరం కిలోమీటర్లలో ఉంటుంది. 40 కిలోమీటర్లు అంటే 21.6 నాటికల్ మైళ్లు. 40 అన్న అంకెను చూచి 40 నాటికల్ మైళ్లు పోతే, అది 74 కిలోమీటర్ల పైమాట. చేప లేని చోటికి పోవటానికి డీజిలు కూడా రెట్టింపు దాకా ఖర్చవుతుంది. పటం మీద దూరం కొలిచేటప్పుడు పక్క అంచున ఉన్న అక్షాంశపు కొలబద్దనే వాడవలెను. పైన, కింద ఉన్న రేఖాంశపు కొలబద్దను వాడరాదు. ఎందుకనగా మన తీరంలో 17 డిగ్రీల అక్షాంశం దగ్గర రేఖాంశంలో ఒక నిమిషం సుమారు 1771 మీటర్లే.

నాలుగవది, లోతు. ప్రాణానికి ముప్పు తేగలిగినది ఇదే కావున దీనిని కొంత వివరిస్తాను. మన పెద్దలు లోతును బారలలో చెప్పేవారు. ఇంగ్లీషువారి ఫాథం కూడా బారే. ఆరు అడుగులు, అనగా 1.83 మీటర్లు. పాత పటాలలో లోతులు ఫాథంలలోను, కొత్త పటాలలో మీటర్లలోను ఉంటాయి. ఎకో సౌండర్‌ను అడుగులలో గాని, ఫాథంలలో గాని, మీటర్లలో గాని పెట్టుకోవచ్చును. తెర మీద 10 అని ఉన్నప్పుడు అది అడుగులైతే మూడు మీటర్లే. మీటర్లనుకొని ధైర్యంగా పోయే బోటు గతి ఊహించుకోండి.

అంతే కాదు. పటంలోని లోతు నీరు బాగా తీసిన పాటు సమయపు మట్టం నుంచి కొలిచినది. పోటు వచ్చినప్పుడు దానికి పోటు ఎత్తును కలుపుకోవలెను. మన తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజులలో పోటుకూ పాటుకూ నడుమ సుమారు ఒకటిన్నర మీటరు వరకు తేడా ఉంటుంది. ఎకో సౌండర్ శబ్దాన్ని కిందికి పంపి, అది నేలను తాకి తిరిగి రావటానికి పట్టిన కాలాన్ని బట్టి లోతు లెక్కిస్తుంది. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. కాని ఆ శబ్దం బయలుదేరేది నీటి పైమట్టం నుంచి కాదు. బోటు అడుగున బిగించిన ట్రాన్స్‌డ్యూసర్ నుంచి. ఒక లెక్క చూడండి. పటంలో లోతు 3 మీటర్లు. పోటు 0.6 మీటరు. మొత్తం నీరు 3.6 మీటర్లు. ట్రాన్స్‌డ్యూసర్ నీటి మట్టానికి 1.2 మీటర్ల కింద ఉంటే తెర మీద కనబడేది 2.4 మీటర్లు. బోటు అడుగుభాగం నీటిలోకి 2 మీటర్లు దిగి ఉంటే దాని కింద మిగిలిన నీరు 1.6 మీటర్లే. తెర మీద 2.4 చూచి అంత నీరూ బోటు అడుగున ఉన్నదనుకుంటే, పెద్ద అల ఒకటి లేచి పడినప్పుడు బోటు నేలను తాకుతుంది. ఈ తేడాను పరికరంలోనే సరిచేసి పెట్టే వీలున్నది. అది చేయవలసినది బిగించే మనిషి. చేశాడో లేదో అడిగి తెలుసుకోవలసినది మనము.

డీలరు మిత్రులకు ఒక మాట

మీరు అమ్మే వస్తువు మంచిదే కావచ్చును. దానిని పక్కనున్న వస్తువుతో పొసగేటట్లు బిగించినప్పుడే కొన్నవానికి ఉపయోగం. జి.పి.ఎస్., ఎకో సౌండర్, చార్ట్ ప్లాటర్ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవటానికి ఎన్.ఎం.ఇ.ఎ. 0183 అనే పద్ధతి చాలాకాలంగా వాడుకలో ఉన్నది. అందులో సమాచారం సాధారణంగా సెకనుకు 4800 వేగంతో పోతుంది. ఓడల గుర్తింపు పరికరమైన ఎ.ఐ.ఎస్. మాత్రం 38,400 వేగంతో పంపుతుంది. పంపేవాడు ఒక వేగంలోను, అందుకొనేవాడు మరొక వేగంలోను ఉంటే తీగ సరిగా బిగించినా తెర మీద ఏమీ రాదు. అప్పుడు ఋణగ్రహీత "మిషను పోయింది" అని అనుకొని దానిని మూలన పడవేస్తాడు. ఇట్టి పరికరాలు మూలన పడి ఉండగా కిస్తీలు మాత్రం నడుస్తున్న బోట్లను నేను కళ్లారా చూచాను.

ఎకో సౌండర్ తరచుదనం కూడా చూడవలెను. 200 కిలోహెర్ట్జ్ లోతు తక్కువ నీటిలో వివరంగా చూపుతుంది. 50 కిలోహెర్ట్జ్ ఎక్కువ లోతుకు పోతుంది. ఒడ్డుకు దగ్గరగా రొయ్యలు లాగే బోటుకూ, లోతు నీటిలోకి పోయే బోటుకూ ఒకే సరుకు అంటగట్టటం న్యాయం కాదు. వి.హెచ్.ఎఫ్. సెట్టు స్పీకరును తెచ్చి దిక్సూచి పక్కన బిగించే అలవాటును కూడా మానవలెను. స్పీకరులో అయస్కాంతం ఉంటుంది. మన తీరంలో అయస్కాంత ఉత్తరానికీ నిజ ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ ప్రాంతంలోనే. ఆ స్పీకరు తెచ్చే తేడా అంతకు ఎన్నో రెట్లు ఉండవచ్చును.

కొన్ని అభ్యంతరాలు

"మా తాతలు ఏ పటం చూచి వేటాడారు?" అని అడిగే పెద్దలున్నారు. వారి ప్రశ్నలో న్యాయమున్నది. కొండ కొనను గుడి గోపురంతో కలిపి ఒక గీత, తాటితోపును దీపస్తంభంతో కలిపి మరొక గీత; ఆ రెండు గీతలు కలిసే చోట వల వేయటం మన తీరంలో పాత విద్య. నౌకాపటం కూడా ఇదే పని చేస్తుంది. విశాఖపట్నం డాల్ఫిన్స్ నోస్ కొండ గాని, పూసపాటిరేగ మండలం చింతపల్లి దీపస్తంభం గాని పటంలో గుర్తించి ఉన్నవే. కావున పటం పెద్దల విద్యకు పోటీ కాదు. కాని ఈనాడు బోట్లు కొండలు కనబడనంత దూరం పోతున్నాయి. రాత్రులు, మంచు పట్టిన ఉదయాలు వేట సాగిస్తున్నాయి. ఒడ్డు కనబడనప్పుడు ఒడ్డు గుర్తులు ఎట్లా పనికి వస్తాయి?

"పటం ఇంగ్లీషులో ఉంటుంది, మాకు రాదు" అనేది రెండవ అభ్యంతరం. పటంలో అధికభాగం అంకెలే. మిగిలినవి గుర్తులు. అడుగున ఇసుకకు ఒక అక్షరం, బురదకు ఒక అక్షరం, రాతికి ఒక అక్షరం. మునిగిన ఓడకు, రాయికి, దీపానికి వేరు వేరు గుర్తులు. వేటకు అవసరమైనవి పాతికకు మించవు. బస్సు బోర్డు చదువలేని వాడు కూడా నెంబరు చూచి తన బస్సు ఎక్కుతున్నాడు. ఇంటిలో పదవ తరగతి చదివే బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుంటే నాలుగు సాయంత్రాలలో ఈ పని పూర్తి అవుతుంది.

"చార్ట్ ప్లాటర్ లోపలే పటం ఉన్నది కదా, కాగితం ఎందుకు?" అనేది మూడవది. ప్లాటర్ మంచిదే. కాని అందులోని పటం కూడా ఎవరో ఏనాడో చేసిన సర్వే నుంచి వచ్చినదే. మీట నొక్కి ఎంత పెద్దది చేసినా కొత్త వివరం పుట్టదు. పాత గీతే లావుగా కనబడుతుంది. బ్యాటరీ దిగినా, ఉప్పునీరు తగిలినా తెర చీకటి అవుతుంది. మడత పెట్టి ప్లాస్టిక్ సంచిలో ఉంచిన కాగితపు పటానికి ఆ బాధ లేదు.

నాలుగవ అభ్యంతరం మా బ్యాంకు ఉద్యోగులది. "ఋణం ఇవ్వటం మన పని, పటం నేర్పటం మన పని కాదు" అని నా సహోద్యోగులే అన్నారు. పొలం మీద అప్పు ఇస్తే పంట పోయినా పొలం మిగిలి ఉంటుంది. బోటు మీద అప్పు ఇచ్చినప్పుడు మన హామీ వస్తువు ప్రతి దినమూ సముద్రం మీద తిరుగుతున్నది. అది రాతికి తగిలితే హామీ పోతుంది. ఆ బోటులోని మనుషుల సంగతి చెప్పనే అక్కరలేదు. ట్రాక్టరుకు భీమా కాగితం చూడకుండా మనము ఋణం విడుదల చేయము. మరి బోటును కాపాడే పరికరం సరియైన లెక్కలో ఉన్నదా లేదా చూడటం మాత్రం మన పని ఎందుకు కాదు?

హద్దుల సంగతి కూడా ఇందులో ఉన్నది. సముద్రంలో దేశానికీ దేశానికీ నడుమ గీత కంటికి కనబడదు. 2018 నవంబరులో గుజరాత్‌లోని వేరావల్ నుంచి వేటకు పోయిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు పాకిస్తాన్ అధికారుల చేతికి చిక్కి, 2020 జనవరిలో గాని వాఘా సరిహద్దు గుండా స్వదేశం చేరలేకపోయారు. ఆ సంఘటనకు పరికరం లెక్కే కారణమని నేను అనటం లేదు. ఇల్లు గడవక అంత దూరం వలస పోయే మన మత్స్యకారునికి తానున్న చోటు ఏదో, గీత ఎంత దూరమో తన కళ్లతో చదువుకోగల శక్తి ఉండవలెను అని మాత్రం అంటున్నాను. మూడు నిమిషాల తేడా అంటే మూడు నాటికల్ మైళ్లు. చెరసాలకూ ఇంటికీ నడుమ దూరం అంతే కావచ్చును.

నా సూచనలు

తూర్పు తీరంలో ప్రతి సంవత్సరం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు యాంత్రిక పడవల వేటకు నిషేధం ఉన్నది. ఆ రోజులలో బోట్లు ఒడ్డుకు చేరి మరమ్మతులకు ఎక్కుతాయి. ట్రాన్స్‌డ్యూసర్‌ను బయటి నుంచి చూచి, నీటి మట్టానికి ఎంత లోతున ఉన్నదో టేపుతో కొలవటానికి అంతకన్నా మంచి అదను లేదు. పటం చదవటం నేర్చుకోవటానికి కూడా అవే తీరిక రోజులు.

బ్యాంకు శాఖలకు నా సూచన: రేవు గ్రామాలకు ఋణమిచ్చే ప్రతి శాఖలోను ఆ తీరపు నౌకాపటాన్ని గోడకు తగిలించవలెను. పరికరాల తనిఖీ కాగితంలో నాలుగు ప్రశ్నలు తెలుగులో ముద్రించవలెను: అంకెల రూపం ఏది, ఆధారం ఏది, దూరం ఏ కొలతలో, లోతు ఎక్కడి నుంచి ఏ కొలతలో? పరికరాల ధరలో కొంత మొత్తాన్ని సముద్రంలో పరీక్ష జరిగిన తరువాతనే డీలరుకు విడుదల చేయవలెను. బోరు నుంచి నీరు వచ్చిన తరువాత తుది బిల్లు చెల్లించటం మనకు కొత్త కాదు కదా.

డీలర్లకు నా సూచన: బోటును జెట్టీకి కట్టి, పటంలో గుర్తించి ఉన్న జెట్టీ చివర గాని, దీపస్తంభం దగ్గర గాని తెర మీది స్థానాన్ని పటం మీది స్థానంతో సరిచూపండి. సీసపు గుండు కట్టిన తాడు దింపి లోతును ఎకో సౌండర్ అంకెతో సరిచూపండి. ఈ రెండు పనులకు గంట పట్టదు. ఆ గంట మీకు పది మంది కొత్త ఖాతాదారులను తెచ్చి పెడుతుంది.

మత్స్యకార సోదరులకు నా సూచన: ఎవరైనా ఒక స్థానం వ్రాసి ఇస్తే అంకెలతో పాటు అవి ఏ రూపంలో ఉన్నవో కూడా వ్రాయించుకోండి. నోటుబుక్కులో 52.75 అని ఉంటే పక్కన "నిమిషాలు" అని, 45 అని ఉంటే పక్కన "సెకన్లు" అని వ్రాయండి. ఆ ఒక్క మాట ఖరీదు వల ఖరీదంత.

ఆ సరంగు సంగతి చెప్పి ముగిస్తాను. కొత్త వలకు గడువు ఇప్పించటానికి నేను పై అధికారులకు వ్రాశాను. నా తనిఖీలోని లోపాన్ని కూడా ఆ ఉత్తరంలో దాచలేదు. గడువు లభించినది. మరుసటి నిషేధకాలంలో అతడు తన నోటుబుక్కుతో మళ్లీ వచ్చాడు. నా బల్ల మీద పటం పరిచి, వలలు తగిలే చోట్లను ఒక్కొక్కటే పెన్సిలుతో గుర్తించాడు. వాటిలో మూడు ఆ పటంలో లేనే లేవు. అతడు ముప్పై ఏళ్లుగా మోస్తున్న జ్ఞానానికి కాగితం మీద చోటు దొరకటం అదే మొదటిసారి. ఆ రోజు నుంచి నేను తెర వెలిగితే చాలునని సంతకం పెట్టటం మానుకున్నాను. మీరు కూడా, బిల్లు మీద గాని, రసీదు మీద గాని, తనిఖీ కాగితం మీద గాని సంతకం పెట్టే ముందు తెర మీది అంకెను పటం మీది అంకె పక్కన పెట్టి ఒకసారి పైకి చదవండి. రెండూ ఒక్కటైతేనే కలం తీయండి.